విజ్ఞాన తపస్వి యల్లాప్రగడ సుబ్బారావు

లోకంలో కీర్తిమంతులు రెండు తెగలు. కొందరి పని మరుగున పడి పేరు మాత్రం నిలుస్తుంది. మరికొందరి పని కోట్లాది జనానికి నిత్యం ఉపకరిస్తూనే ఉంటుంది గాని, చేసినవారి పేరు ఎవరికీ జ్ఞాపకం ఉండదు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు ఈ రెండవ తెగకు చెందిన మహనీయులు. ఆయన భీమవరంలో పుట్టి, మద్రాసులో చదివి, అమెరికాలో పరిశోధనలు సాగించి, 1948లో అక్కడే కన్నుమూసిన తెలుగు బిడ్డ. మన పాఠ్యపుస్తకాలలో ఆయన ప్రస్తావన వచ్చినా అది ఒకటి రెండు వాక్యాలతో ముగుస్తుంది. ఆ వాక్యాలను పరీక్ష కోసం వల్లించి, పరీక్ష కాగానే మరచిపోవడం మనకు అలవాటు.

నేనూ అలా మరచిపోయినవాణ్ణే. భాషా సాహిత్యాలు బోధించే నేను ఒక వైద్యశాస్త్రజ్ఞుని జీవితం వ్రాయడానికి పూనుకోవడానికి ఒక కారణం ఉంది. గత విద్యాసంవత్సరంలో నా తరగతిలో ఒక విద్యార్థి ఉండేవాడు. ఇల్లు సైదాబాదులోనే. ఎండలు మండిపోయే మార్చి, ఏప్రిల్ నెలలలో కూడా చొక్కా చేతులు మణికట్టు దాకా దించి, గుండీలు పెట్టుకొని, చివరి బెంచీలో ఒంటరిగా కూర్చునేవాడు. మధ్యమధ్య చెప్పకుండా తరగతి మానేసేవాడు. అది నిర్లక్ష్యమని తలచి ఒకనాడు నలుగురి ఎదుట మందలించాను. ఆ సాయంత్రం అతడు అధ్యాపకుల గదికి వచ్చి, మారుమాట లేకుండా చొక్కా చేయి పైకి మడిచాడు. మోచేతి మీద ఎర్రని దళసరి మచ్చలు, వాటిపైన వెండి రేకులవంటి పొలుసులు. ఆ వ్యాధి పేరు సోరియాసిస్ అని, రక్తపరీక్షల కోసం ఆసుపత్రికి పోవలసిన రోజులలోనే రాలేకపోతున్నానని చెప్పాడు. మసీదులో వుజూ చేసేటప్పుడు మోచేతులు బయటపడతాయి కనుక, అందరూ లేచి వెళ్లిన తరువాతనే తాను కుళాయి దగ్గర కూర్చుంటానని కూడా చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు నాకు తల ఎత్తలేనంత సిగ్గు కలిగింది.

అతడు వారానికొకసారి వేసుకునే మందు ఒకటి ఉంది. దాని పేరు మెథోట్రెక్సేట్. దానితో వ్యాధి తగినంతగా తగ్గనందున, బయోలాజిక్ అనే కొత్త తరహా ఇంజెక్షను సంగతి వైద్యులు ప్రస్తావించారట. దాని ఖరీదు విని ఇంటివారు, సూది పేరు విని తాను భయపడుతున్నామన్నాడు. అతనికి ధైర్యం చెప్పడానికైనా ఆ మందుల సంగతి కొంత తెలుసుకోవాలని చదవడం ప్రారంభించాను. ఆ మాత్ర చరిత్ర నన్ను తిన్నగా భీమవరానికి తీసుకుపోయింది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. సంతానం అధికం, ఆదాయం స్వల్పం. బాల్యంలో సుబ్బారావుకు చదువు మీద ఆసక్తి అంతంత మాత్రమే. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదిస్తానని ఇల్లు విడిచి బయలుదేరితే, తల్లి మనుషులను పంపి వెనుకకు రప్పించిందని ఆయన జీవితచరిత్ర వ్రాసినవారు చెబుతారు. తండ్రి మరణించిన పిదప తల్లి తన నగలమ్మి కొడుకును చదివించింది. రాజమండ్రిలో చదువుతూ మెట్రిక్యులేషనులో తప్పారు. మరల తప్పారు. చివరకు మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలులో చేరి, మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. మన విద్యార్థులు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించాలి. జీవకణం శక్తిని ఎలా నిలువ చేసుకుంటుందో లోకానికి చాటినవారిలో ఒకరు, రెండుసార్లు మెట్రిక్ తప్పిన కుర్రవాడు.

తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించారు. ఆ రోజులలో ఆయన మనస్సు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యసించి సేవ చేయాలని కోరిక. తల్లి అంగీకరించలేదు. సేవ చేయదలచినవానికి వైద్యవిద్య కూడా ఒక మార్గమేనన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరి గారితో వివాహం జరిగింది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు ఆర్థికంగా తోడ్పడ్డారు. అది గాంధీజీ పిలుపుతో దేశమంతా ఉద్రేకంతో ఉన్న కాలం. సుబ్బారావు గారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీ ధరించి వెళ్లారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది కంటగింపైంది. వ్రాతపరీక్షలలో బాగుగా రాణించినప్పటికీ ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టం దక్కలేదు, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రంతో తృప్తిపడవలసి వచ్చింది. ఒక్క ఖద్దరు చొక్కాకు చెల్లించిన మూల్యమది.

ఆ కుటుంబాన్ని అప్పటికే ఒక వ్యాధి వెంటాడుతున్నది. స్ప్రూ అనే ఆ వ్యాధిలో ప్రేగులు ఆహారసారాన్ని గ్రహించలేవు. ఎడతెగని విరేచనాలతో, రక్తహీనతతో మనిషి క్షీణించిపోతాడు. దానికి ఆనాడు మందు లేదు. సుబ్బారావు గారి సోదరులు ఇద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్ది రోజుల వ్యవధిలోనే ఆ వ్యాధికి బలైపోయారు. తానూ దాని పాలబడి, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకున్నారు. ఆ కృతజ్ఞతతో మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు. పాశ్చాత్య వైద్యం చదివినవాడు ఆయుర్వేద కళాశాలలో పనిచేయడం నామోషీ అని ఆయన తలచలేదు. ఏ పద్ధతిలో దొరికినా మందు మందే. మన నగరంలో యునాని దవాఖానాను, ఇంగ్లీషు దవాఖానాను ఎరిగినవారికి ఈ మాట కొత్త కాదు.

కాని చనిపోయిన సోదరులు ఆయన మనస్సును వదలలేదు. ఉన్నత పరిశోధన చేయాలన్న పట్టుదలతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ వాగ్దానం చేసిన సహాయంతోను, మామగారి తోడ్పాటుతోను 1920ల ఆరంభంలో అమెరికాకు ఓడ ఎక్కారు. గర్భవతిగా ఉన్న భార్యను మరికొన్ని సంవత్సరాలలో తిరిగి కలుసుకుంటాననుకొన్నారు. అది జరగలేదు. తరువాత పుట్టిన కుమారుడు తండ్రి ముఖం చూడకుండానే పసితనంలో కన్నుమూశాడు. సుబ్బారావు గారు మరల స్వదేశం చూడలేదు, శేషగిరి గారు మరల భర్తను చూడలేదు. ఆయన కీర్తిని తలచుకొనేటప్పుడు ఆమె ఒంటరి నిరీక్షణను కూడా తలచుకోకపోతే మన కృతజ్ఞత సంపూర్ణం కాదు.

బోస్టన్ నగరంలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం అభ్యసించారు. చదువుకు ధనం చాలక రాత్రివేళ ఒక ఆసుపత్రిలో కూలిపని చేశారు. రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచడం కూడా ఆ పనిలో భాగమే. పగలు ప్రయోగశాల, రాత్రి ఆసుపత్రి. అనంతరం జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద చేరారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులభమైన పద్ధతిని వారిద్దరూ కలసి 1925లో ప్రకటించారు. ఫిస్కే - సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది తరతరాల విద్యార్థుల ప్రయోగపుస్తకాలలో నిలిచింది.

ఆ కొలత చేతికి రావడంతో పెద్ద తలుపే తెరుచుకున్నది. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే పదార్థాన్ని వారు కనుగొన్నారు. ఈ రెండవదానినే సంక్షిప్తంగా ఎ.టి.పి. అంటారు. జర్మనీలో కార్ల్ లోమాన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా అదే సంవత్సరం స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. మనం అడుగు వేసినా, కన్నురెప్ప వాల్చినా, అందుకు అయ్యే శక్తిని కణాలు ఈ పదార్థం ద్వారానే ఖర్చుపెడతాయి. జీవశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఎ.టి.పి. తెలుసు, అది కనుగొన్నవారిలో ఒక తెలుగువాడున్నాడని ఎందరికి తెలుసు?

1930లో హార్వర్డ్ ఆయనకు డాక్టరేటు ఇచ్చింది గాని, స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. మరి పదేళ్లు అక్కడే చిన్న ఉద్యోగంలో కాలం గడిపి, 1940లో న్యూయార్కు సమీపంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లీ అనే మందుల సంస్థలో చేరారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు సారథి అయ్యారు. విశ్వవిద్యాలయం ఇవ్వని అవకాశాన్ని కర్మాగారం ఇచ్చింది. అక్కడ గడిపిన ఎనిమిది సంవత్సరాలే ఆయన జీవితానికి ఫలసాయం.

ఇక్కడ ఫోలిక్ ఆమ్లం కథ చెప్పాలి. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతున్నదని గమనించింది. అందులోని గుణకారి ఏమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికన్ శాస్త్రజ్ఞులు పాలకూర జాతి ఆకుల నుండి అటువంటి పదార్థాన్నే వేరుచేసి, ఆకు అనే అర్థంగల లాటిన్ మాటను బట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయడం సుబ్బారావు గారి నాయకత్వాన లెడర్లీ శాస్త్రజ్ఞుల బృందం 1945లో సాధించింది. ఆ మందును స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా వారి రక్తహీనత తగ్గి కోలుకున్నారు. ఇద్దరు సోదరులను పొట్టన పెట్టుకున్న వ్యాధికి ఇరవై ఏళ్లు దాటిన తరువాత, సముద్రాల అవతల, ఆయన చేతిమీదుగానే మందు వచ్చింది. సోదరులకు అది అందలేదు. సోదరులవంటి ఎందరికో అందింది.

అంతటితో ఆగి ఉంటే ఆయన గొప్ప వైద్యశాస్త్రజ్ఞుడుగా మిగిలేవారు. కాని ఒక పదార్థం ప్రాణాన్ని ఎలా పోషిస్తుందో తెలిసినవానికి, అవసరమైన చోట ఆ పోషణను ఎలా ఆపాలో కూడా తెలుస్తుంది. కణాలు రెండుగా చీలి వృద్ధి కావాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. పిల్లల రక్తకేన్సరులో తెల్లకణాలు అదుపు లేకుండా వృద్ధి అవుతాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వైద్యుడు, ఫోలిక్ సంబంధమైన మందులు ఇచ్చినప్పుడు ఆ వ్యాధి మరింత చెలరేగుతున్నదని గమనించి, దానికి విరోధి అయిన పదార్థం కావాలనుకొన్నాడు. ఫోలిక్ ఆమ్లం వలెనే కనిపిస్తూ కణాన్ని మోసగించి, దాని పనిని అడ్డగించే పదార్థాలను లెడర్లీలో సీగర్ మొదలైన రసాయనికులు తయారుచేశారు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితాలను ప్రకటించాడు. పదహారుమంది పిల్లలలో పదిమందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. అది శాశ్వతమైన నివారణ కాకపోయినా, మందుతో రక్తకేన్సరును వెనుకకు నెట్టవచ్చునని లోకానికి తెలిసింది ఆనాడే. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటిదే మెథోట్రెక్సేట్.

ఆ ఎనిమిదేళ్లలోనే ఆయన బృందం నుంచి హెట్రజాన్ అనే మందు వచ్చింది. బోదకాలు పుట్టించే ఫైలేరియా క్రిములను అది నశింపజేస్తుంది. గోదావరి జిల్లాలలో బోదకాలు ఎంతటి పీడో ఆ ప్రాంతపు పెద్దలకు తెలుసు. భీమవరంలో పుట్టినవాడు పెర్ల్ రివర్‌లో కూర్చుండి పంపిన కానుక అది. ఇప్పటికీ మన ప్రభుత్వాలు బోదకాలు నివారణ కోసం ఇంటింటికీ పంచే డి.ఇ.సి. మాత్ర అదే. ఆయన సారథ్యంలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అది మొదటిది. 1948లో వెలుగులోకి వచ్చింది.

ఆ సంవత్సరమే ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు గారు మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. పాతికేళ్లు అమెరికాలో గడిపినా ఆ దేశపు పౌరుడు కాలేదు. స్వదేశం స్వతంత్రమై ఏడాది కావస్తున్నా దానిని కనులారా చూడలేదు. నోబెల్ బహుమానం రాలేదు. తరువాతి కాలంలో ఒక శిలీంధ్ర జాతికి ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ల వెలువరించింది.

మనిషి పోయాడు గాని మందు పోలేదు. నా విద్యార్థి చేతి మచ్చలకు, పిల్లల రక్తకేన్సరుకు ఉన్న సంబంధం ఆయన మరణించిన మూడేళ్లకు బయటపడింది. 1951లో గుబ్నర్ అనే అమెరికన్ వైద్యుడు కీళ్లవాతపు రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చి పరీక్షిస్తుండగా, వారిలో ఒకరికి ఉన్న సోరియాసిస్ మచ్చలు త్వరగా మాయమైనవి. ఎవరూ ఊహించని ఫలితమది. అమినోప్టెరిన్ కన్న మెథోట్రెక్సేట్ సురక్షితమని తేలడంతో, 1958లో ఎడ్మండ్సన్, గై అనే వైద్యులు సోరియాసిస్‌కు దానిని వాడిన ఫలితాలు ప్రకటించారు. 1970ల ఆరంభంలో అమెరికా ప్రభుత్వపు ఆమోదం లభించింది. సుబ్బారావు గారు సోరియాసిస్ కోసం ఎన్నడూ పనిచేయలేదు. విజ్ఞానపు తీరే అంత. ఒకరి కోసం త్రవ్విన బావి నీరు దారిన పోయే వేరొకరి దాహం కూడా తీరుస్తుంది.

సోరియాసిస్ గజ్జి కాదు, తామర కాదు, కుష్ఠు అంతకన్నా కాదు. అది ఎవరికీ అంటదు. పక్కన కూర్చున్నా, కరచాలనం చేసినా, ఒకే పళ్లెంలో భుజించినా రాదు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి పొరపాటున చర్మాన్నే రెచ్చగొట్టడం దానికి కారణం. మామూలుగా నాలుగు వారాలు పట్టే చర్మకణాల పుట్టుక, రాలుడు ఈ వ్యాధిలో కొద్ది రోజులకే జరిగిపోతుంది. అందుచేత పొర మీద పొర పేరుకొని, ఎర్రని దిమ్మెలుగా, తెల్లని పొలుసులుగా కనిపిస్తుంది. మోచేతులు, మోకాళ్లు, నడుము, తల దాని ముఖ్యస్థానాలు. కొందరికి కీళ్లనొప్పులు కూడా వస్తాయి. వంశపారంపర్యపు పోకడ కొంత, మానసిక ఒత్తిడి, గొంతునొప్పి, కొన్ని మందులు మొదలైన ప్రేరేపణలు కొంత. రోగులకు ఎదురవుతున్న వివక్షను, అపోహలను గుర్తించి 2014లో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఈ వ్యాధిపై ప్రత్యేక తీర్మానమే చేసింది. వ్యాధి పెట్టే బాధ ఒక ఎత్తు, చూసేవారి కళ్లు పెట్టే బాధ మరొక ఎత్తు.

మెథోట్రెక్సేట్ ఈ వ్యాధికి ఇచ్చేది కేన్సరుకు ఇచ్చే మోతాదులో స్వల్పభాగం మాత్రమే. అదీ వారానికొక్క రోజు, మాత్రగా గాని ఇంజెక్షనుగా గాని. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పొరపాటున దీనిని రోజూ వేసుకొని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారు అనేక దేశాలలో ఉన్నారు. చీటీ చదవలేని పెద్దవారు ఇంట్లో ఉంటే, వారి మాత్ర ఏ వారం నాడో గుర్తుపెట్టే బాధ్యత చదువుకున్న పిల్లలదే. గర్భిణులు దీనిని బొత్తిగా వాడరాదు. కాలేయాన్ని, రక్తాన్ని తరచు పరీక్షించుకోవాలి. దీని దుష్ఫలితాలు తగ్గించడానికి వైద్యులు ఇంకొక చిన్న మాత్ర కూడా ఇస్తారు. అది మరేదో కాదు, ఫోలిక్ ఆమ్లమే. ఆ విద్యార్థి మందుల పెట్టెలో పక్కపక్కనే ఉన్న ఆ రెండు మాత్రల వెనుక ఉన్నది పెర్ల్ రివర్‌లోని ఆ ఒక్క ప్రయోగశాలే. ఒకటి అడ్డగించేది, ఒకటి ఆదుకొనేది.

ఇక అతడు భయపడిన ఇంజెక్షను సంగతి. మెథోట్రెక్సేట్ రసాయనంతో తయారైన చిన్న అణువు. బయోలాజిక్ అలా కాదు. జీవకణాలను పెంచి వాటిచేత తయారుచేయించిన పెద్ద మాంసకృత్తు. నోటితో మింగితే అన్నంలోని పప్పు వలె అరిగిపోతుంది. అందుకే ఇన్సులిన్ వలె చర్మం క్రింద సూదితో ఎక్కించాలి. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞులు ఒకే గురికి తగిలే ప్రతిరక్షకాలను కావలసినంతగా తయారుచేసే పద్ధతి కనుగొన్నారు. ఈ మందులలో అధికభాగం ఆ విద్య ఫలితమే. మంట పుట్టించమని శరీరంలో కబుర్లు మోసే పదార్థాలు కొన్ని ఉన్నాయి. టి.ఎన్.ఎఫ్. ఒకటి, ఇంటర్‌ల్యూకిన్ 17 ఒకటి, ఇంటర్‌ల్యూకిన్ 23 ఒకటి. ఒక్కొక్క బయోలాజిక్ వీటిలో ఒక్కొక్క వార్తాహరుణ్ణి పట్టి ఆపుతుంది. మొత్తం ఊరికి కర్ఫ్యూ విధించడం పాత పద్ధతి, తప్పుడు కబురు మోసేవాణ్ణి మాత్రం పట్టుకోవడం కొత్త పద్ధతి అని చెప్పవచ్చు.

2003 నుంచి ఇటువంటి మందులు సోరియాసిస్‌కు ఆమోదం పొందుతూ వచ్చాయి. ఎటనర్సెప్ట్, అడాలిముమాబ్, ఉస్టెకినుమాబ్, 2015లో సెకుకినుమాబ్, తరువాత మరికొన్ని. 2008లో వెలువడిన ఒక పరిశోధనలో, పదహారు వారాలు అడాలిముమాబ్ పొందిన రోగులలో నూటికి దాదాపు 80 మందికి వ్యాధి నాలుగింట మూడువంతులు తగ్గగా, మెథోట్రెక్సేట్ పొందినవారిలో నూటికి సుమారు 36 మందికి మాత్రమే అలా తగ్గింది. కొత్తదాని బలం పాతదానితో సరిపోల్చి కొలిచారన్నమాట. పాతది లేకపోతే కొత్తదానికి కొలబద్దే లేదు. ధర దృష్ట్యా ఈనాటికీ మన దేశంలో ఎందరో రోగులు పాతదానినే ఆశ్రయిస్తున్నారు.

అయితే బయోలాజిక్ సంజీవని కాదు. వ్యాధిని అణచి ఉంచుతుంది గాని వేరుతో పెకలించదు. మానేస్తే తిరిగి రావచ్చు. మొదలుపెట్టే ముందు ఒంటిలో క్షయ దాగి ఉన్నదేమో, కామెర్లకు కారణమయ్యే హెపటైటిస్ ఉన్నదేమో పరీక్షించాలి. క్షయ ఇంకా ప్రబలంగా ఉన్న మన దేశంలో ఇది అత్యవసరం. మందును గడ్డకట్టనివ్వకుండా చల్లని పెట్టెలో భద్రపరచాలి. కొన్నిటిని రెండు వారాలకొకసారి, కొన్నిటిని నెలకు, మరికొన్నిటిని మూడు నెలలకొకసారి తొడకో పొట్టకో వేసుకోవాలి. నేర్చుకొంటే రోగి తానే వేసుకోవచ్చు. ధర సామాన్యునికి భారమే గాని, మన దేశపు సంస్థలు వీటికి సమానమైన మందులు తయారుచేయడం మొదలయ్యాక కొంత దిగివచ్చింది. 2013లో బెంగుళూరు సంస్థ ఒకటి సోరియాసిస్ కోసమే ఇటోలిజుమాబ్ అనే మందును విడుదల చేసింది. 2014లో అడాలిముమాబ్‌కు సమానమైన మందు దేశంలోనే తయారైంది. మన హైదరాబాదు సంస్థ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే ఈ కోవకు చెందిన రిటుక్సిమాబ్‌ను, అది సోరియాసిస్ మందు కాకపోయినా, తయారుచేసి అమ్మకానికి తెచ్చింది. సుబ్బారావు గారు ఏ విద్య కోసం ఓడ ఎక్కి స్వదేశాన్ని విడిచారో, ఆ విద్య నేడు మన నగరంలోనే నేర్వవచ్చు, మన నగరంలోనే చేయవచ్చు.

నా విద్యార్థికి ఈ కథ అంతా ఒక మధ్యాహ్నం చెప్పాను. ముఖ్యంగా మెట్రిక్ రెండుసార్లు తప్పిన సంగతి, ఖద్దరు చొక్కా సంగతి చెప్పాను. ఒక చొక్కా వేసుకున్నందుకు ఆయన పట్టం పోగొట్టుకున్నారు. ఒక చొక్కా వెనుక నీవు దాగుకొంటున్నావు అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. తరువాత వైద్యుని వద్దకు తండ్రిని వెంటబెట్టుకొని పోయి, క్షయ పరీక్షలు చేయించుకొని, నిర్ణయం వైద్యునికే వదిలాడు. పొట్ట చుట్టూ సూది ఎక్కడ వేసుకోవాలో అక్కడి నర్సు ఓపికగా నేర్పిందట. పూర్తిగా నయమైందని నేను వ్రాయను. అది నిజం కాదు. వార్షిక పరీక్షలనాడు మాత్రం అతడు చేతులు మోచేతి పైకి మడిచి వ్రాయడం చూశాను.

విద్యార్థులారా! సుబ్బారావు గారి జీవితంలో అపజయాలే ఎక్కువ. పరీక్ష తప్పారు. పట్టం దక్కలేదు. సోదరులను, కొడుకును పోగొట్టుకొన్నారు. విశ్వవిద్యాలయం పదవి ఇవ్వలేదు. ఇన్ని లేమిల మధ్య ఆయన వదలనిది ఒక్కటే, చేపట్టిన పని. మీలో విజ్ఞానశాస్త్రం చదివేవారు ఎ.టి.పి. అని వ్రాసేటప్పుడు ఆ మూడక్షరాల వెనుక ఉన్న మనిషిని ఒక్క క్షణం స్మరించండి. సాహిత్యం చదివేవారు, వాణిజ్యం చదివేవారు కూడా చేయగల పని ఒకటి ఉంది. మీ తరగతిలో చివరి బెంచీలో నిండుచేతుల చొక్కాతో ఒంటరిగా కూర్చున్నవాడు ఎవడైనా ఉంటే, వెళ్లి వాని పక్కన కూర్చోండి. ఆయన వంటి మందు మనం తయారుచేయలేకపోవచ్చు. ఈ మందు మాత్రం మనందరి చేతిలోనూ ఉంది. నేను దానిని ఆలస్యంగా ఇచ్చాను.